తనను తాను తక్కువగా చూసుకునే కుర్రాడికి స్నేహాలు ఎందుకు నిలవవు?

అమ్మా, మీ తమ్ముడి గురించి మీరు రాసినదంతా జాగ్రత్తగా చదివాను. నరసన్నపేట దగ్గరి పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి వరకు వాలీబాల్ ఆడుతూ పదిమందిని వెంటేసుకుని తిరిగిన పిల్లాడు, విశాఖపట్నం హాస్టల్లో ఇంటర్ పూర్తి చేసేసరికి మాట తగ్గించేశాడు. ఇప్పుడు విజయనగరం దగ్గర ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతూ మెస్సులో ఒంటరిగా తింటున్నాడు, క్లాసు ఫొటోల్లో అంచున నిలబడుతున్నాడు, తన ఫోన్లో ఉన్న తన ఫొటోలనే తుడిచేస్తున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు "నలుపు, బక్కపలచన, నోరు తెరిస్తే మన యాస, నాతో ఎవడు కలుస్తాడప్పా" అని మీతో అన్నాడు. స్నేహితులు లేకపోవడం వల్ల తనను తాను తక్కువ చేసుకుంటున్నాడా, తక్కువ చేసుకోవడం వల్లే స్నేహితులు లేకుండా పోయారా, ముందు దేన్ని సరిదిద్దాలి, అసలు కాలేజీయే మార్పించెయ్యాలా అన్నవి మీ ప్రశ్నలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల్లో విద్యార్థులతో ఇవే విషయాలు మాట్లాడే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మొదటి ప్రశ్నకు సమాధానం, రెండూ నిజమే. హ్యారిస్, ఓర్త్ అనే ఇద్దరు పరిశోధకులు 2020లో, ఒకే మనుషులను ఏళ్ల తరబడి గమనించిన 52 అధ్యయనాలను, అంటే 47 వేల మందికి పైగా వ్యక్తుల సమాచారాన్ని, ఒకచోట చేర్చి పరిశీలించారు. మంచి సంబంధాలున్న వారికి కాలక్రమంలో తమ మీద తమకు గౌరవం పెరుగుతోందని, తమ మీద గౌరవం ఉన్నవారికి కాలక్రమంలో సంబంధాలు మెరుగుపడుతున్నాయని, ఈ రెండు ప్రభావాల బలం దాదాపు ఒక్కటేనని తేలింది. ఒక్కో వైపు ప్రభావం చిన్నదే, కాని ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతుంది. కాబట్టి ఏది ముందు అనే చిక్కుముడి విప్పేదాకా మీరు ఆగనక్కర్లేదు. చెయ్యి పెట్టడానికి ఎటు వీలుంటే అటు మొదలుపెట్టవచ్చు. నా అనుభవంలో, లోపలి అభిప్రాయాన్ని మాటలతో మార్చడం కంటే బయటి ప్రవర్తనను కొంచెం కొంచెంగా మార్చడమే ఈ వయసు పిల్లలకు సులువు. అలా ఎందుకో అర్థం కావాలంటే, తన గురించి తనకున్న అభిప్రాయం మనిషిని ఇతరుల మధ్య ఎలా నడిపిస్తుందో ముందు చూడాలి.

1980లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో క్లెక్, స్ట్రెంటా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పాల్గొన్నవారి ముఖం మీద మేకప్‌తో పెద్ద గాయపు మచ్చ వేసి, అద్దంలో చూపించి, "ఇప్పుడు మీరు ఒక కొత్త వ్యక్తితో మాట్లాడాలి, మీ మచ్చను చూసి అవతలివారు ఎలా ప్రవర్తిస్తారో గమనించండి" అన్నారు. లోపలికి పంపేముందు, మచ్చ ఎండి పగలకుండా క్రీము రాస్తున్నామని చెప్పి, వారికి తెలియకుండానే ఆ మచ్చను పూర్తిగా తుడిచేశారు. అంటే మామూలు ముఖంతోనే వెళ్లి మాట్లాడారు. బయటకు వచ్చాక మాత్రం, అవతలి మనిషి తమ మచ్చ వల్ల ఇబ్బంది పడ్డాడని, చూపు తిప్పుకున్నాడని, బిగుసుకుపోయాడని చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. మాట్లాడేటప్పుడు ఎవరైనా అప్పుడప్పుడు చూపు తిప్పుతారు, నడుమ ఒక క్షణం ఆగుతారు. మచ్చ ఉందని నమ్మిన మనిషికి ఆ మామూలు కదలికలన్నీ మచ్చకు సాక్ష్యాలుగా కనిపించాయి. మీ తమ్ముడు తరగతి గదిలోకి అడుగుపెట్టేటప్పటికి వెనక బెంచీలో ఎవరో దేనికో నవ్వితే, ఆ నవ్వు తన మీదేనని అతనికి ఎందుకంత ఖాయంగా అనిపిస్తుందో ఈ ప్రయోగం చెబుతుంది. అతను కల్పించి చెప్పడం లేదు, నిజంగానే అలా చూస్తున్నాడు.

ఇంతవరకే అయితే బాధ ఒక్కరిది. చిక్కు దీని తరువాత మొదలవుతుంది. ఎదుటివారు తనను ఇష్టపడరని ముందే నిశ్చయించుకున్న మనిషి, ఆ దెబ్బ తగలకుండా తనను కాచుకోవడానికి కొన్ని పనులు చేస్తాడు. తక్కువ మాట్లాడతాడు, సొంత సంగతి చెప్పడు, గొంతు పొడిగా ఉంచుతాడు, తొందరగా లేచిపోతాడు. 1986లో కర్టిస్, మిల్లర్ అనే పరిశోధకులు ఒకరికొకరు కొత్తవారైన విద్యార్థులను జంటలుగా మాట్లాడించి, కొందరికి "అవతలి వ్యక్తి నిన్ను ఇష్టపడ్డాడు" అని, మరికొందరికి "ఇష్టపడలేదు" అని చెప్పారు. ఆ మాటల్లో నిజం లేదు. అయినా, ఇష్టపడ్డారని నమ్మినవారు తర్వాతి సంభాషణలో తమ గురించి ఎక్కువ చెప్పుకున్నారు, తక్కువగా విభేదించారు, గొంతులో ఆప్యాయత చూపించారు, చివరకు అవతలివారు వాళ్లను నిజంగానే ఎక్కువ ఇష్టపడ్డారు. ఇష్టపడలేదని నమ్మినవారి విషయంలో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. నమ్మకం ఏదైతే అదే ఫలితంగా తిరిగి వచ్చింది.

మన హాస్టళ్లలో ఇది ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చెబుతాను. సాయంత్రం మెస్సులో ఒక కుర్రాడు పళ్లెం పట్టుకుని గోడ పక్క బల్ల దగ్గర కూర్చుంటాడు. ఎదురుగా కూర్చున్న వేరే బ్రాంచి విద్యార్థి "ఏ ఊరు?" అని అడుగుతాడు. "శ్రీకాకుళం సైడు" అని ఇతను పళ్లెంలోకి చూస్తూ చెబుతాడు. ఊరి పేరు చెబితే ఎక్కడుందని అడుగుతారు, వివరంగా చెప్పబోతే యాస దొర్లుతుంది, అందుకని "సైడు" దగ్గర ఆపేస్తాడు. తిరిగి "మీది?" అని అడగడు, అడిగితే మాట పొడిగించాలి. ఫోను తీసి, ఏ మెసేజీ లేకపోయినా చూస్తూ ఉంటాడు. ఎదుటి విద్యార్థి రెండు ముద్దలు తిని పక్కవాడి వైపు తిరుగుతాడు. మరునాడు వేరే బల్ల దగ్గర కూర్చుంటాడు. గదికి వెళ్లాక మన కుర్రాడి లెక్క ఏమిటంటే, "చూశావా, ఒక్క మాట మాట్లాడి వదిలేశాడు." ఎదుటి విద్యార్థి లెక్క ఏమిటంటే, "వీడికి పొగరు, పలకరించినా పలకడు." ఈ రెండో లెక్క మొదటివాడికి ఎప్పటికీ తెలియదు. లోపలి నుంచి తానే గడియ పెట్టుకుని, తలుపు ఎవరూ తట్టడం లేదని బాధపడినట్టు ఉంటుంది అతని పరిస్థితి. నా దగ్గరకు వచ్చే విద్యార్థుల తోటివారిని ఎప్పుడైనా కదిపితే, "అతనికి మేమంటే ఇష్టం లేదనుకున్నాం" అనే మాటే ఎక్కువగా వింటాను. తనను తక్కువగా చూసుకునే మనిషి బయటివారికి తక్కువగా కనిపించడు, దూరంగా కనిపిస్తాడు. మీ ప్రశ్నకు నేను చెప్పగలిగిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

అయితే అంతా అతని ఊహే అని మీరు గాని నేను గాని అనకూడదు. యాస విషయంలో అతను చెప్పేది చాలావరకు నిజం. "ఏటి", "నాను", "ఎల్తన్నాను" అనే మాటలు వినగానే నవ్వేవాళ్లు, వాటిని పట్టుకుని వారం రోజులు వెక్కిరించేవాళ్లు విశాఖలో ఉన్నారు, విజయవాడలో ఉన్నారు, మన విజయనగరం కాలేజీల్లో సైతం ఉన్నారు. సినిమాల్లో ఇంటి పనివాళ్లకు, అమాయకులకు ఈ యాస పెట్టి నవ్వించడం చూస్తూ పెరిగిన పిల్లలు వాళ్లు. ఇంటర్ రెండేళ్లలో మీ తమ్ముడికి ఇలాంటి అనుభవాలు కొన్ని ఎదురై ఉంటాయని నా అంచనా, ఎందుకంటే మాట తగ్గినది అప్పుడే అని మీరే రాశారు. దెబ్బ నిజమైనదే. దెబ్బ తగిలిన చోటు నుంచి వచ్చేసిన తరువాత కూడా ప్రతి కొత్త మనిషిని ఆ పాత మనిషిలాగే చూడడం మాత్రం ఇప్పటి సమస్య.

ప్రజలు మాట్లాడే భాష బడుల్లోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట మన శ్రీకాకుళం జిల్లాలోదే. ఆయన పుట్టిన రోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. గురజాడ అప్పారావు గారు విజయనగరంలో కూర్చునే వాడుక భాషకు సాహిత్య గౌరవం తెచ్చారు. కథానికలకు ఒక గ్రంథాలయం ఉండాలని కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయాన్ని స్థాపించినది శ్రీకాకుళంలోనే. ఇవన్నీ మీ తమ్ముడు తెలుసుకోవాలనే కోరుకుంటాను. కాని చరిత్ర చెప్పి గర్వం కలిగిస్తే సిగ్గు పోతుందని నేను అనుకోను. అలా పోయిన పిల్లలను నేను చూడలేదు. తన యాసలో తాను పూర్తిగా మాట్లాడినా నవ్వని స్నేహితుడు ఒక్కడు దొరికినప్పుడు పోవడం చూశాను. సిగ్గు మనుషుల మధ్య పుట్టింది కాబట్టి మనుషుల మధ్యే తగ్గుతుంది.

రంగు, ఒళ్లు సంగతి. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులో నుంచి "ఫెయిర్" తీసేసింది గాని, మన ఇళ్లలో పెళ్లి మాటలప్పుడు, పురుడప్పుడు రంగు ప్రస్తావన తీసేయడం ఇంకా జరగలేదు. చిన్నప్పుడు "నల్లోడా" అని ముద్దుగా పిలిచిన పిలుపు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ముద్దుగా వినిపించదు. మీ ఇంట్లో అలాంటి పిలుపు ఏదైనా ఉంటే, అది మానెయ్యమని అమ్మకు, నాన్నకు, మేనమామలకు మీరే చెప్పండి, అతని ఎదుట చర్చ పెట్టకుండా. బక్కపలచన అనే మాట కూడా అంతే. పండక్కి వచ్చిన ప్రతి బంధువూ "ఏం రా, మెస్సులో తిండి పెట్టడం లేదా" అని ఒళ్లంతా తేరిపార చూస్తే, తరువాతి పండక్కి ఆ పిల్లాడు గదిలోంచి బయటకు రాడు.

ఫొటోల విషయంలో ఒక చిన్న సంగతి చెప్పవచ్చు. ముఖానికి అడుగు దూరంలో ఫోను పట్టుకుని తీసిన ఫొటోలో, అయిదడుగుల దూరం నుంచి తీసినదానితో పోలిస్తే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికన్ వైద్య పరిశోధకులు లెక్క కట్టి చూపించారు. దగ్గరగా ఉన్నది పెద్దదిగా కనిపించడం తప్ప ఇందులో మరేమీ లేదు. కాబట్టి అతను తుడిచేస్తున్న ముఖం, తోటివారు బల్లకు అవతల నుంచి రోజూ చూసే ముఖం ఒకటి కావు. ఇలాంటి భౌతికమైన, కొలవగలిగిన సంగతులు ఇంజనీరింగ్ పిల్లలు ఒప్పుకుంటారు, "నువ్వు అందంగానే ఉంటావు రా" అనే మాట ఒప్పుకోరు.

పొగడ్త గురించి మరి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో అందరూ మొదట చేసేది అదే. "నువ్వు బంగారం, నీకేం తక్కువ, ధైర్యంగా ఉండు" అంటారు. 2009లో కెనడాలో జోయన్ వుడ్, ఆమె సహచరులు చేసిన పరిశోధనలో, తమను తాము తక్కువగా చూసుకునే వాళ్ల చేత "నేను ప్రేమించదగిన వ్యక్తిని" అని పదే పదే అనిపిస్తే, వారి మనసు తేలిక పడలేదు సరికదా, అనని వారి కంటే ఎక్కువ కుంగింది. కారణం ఊహించడం కష్టం కాదు. తాను నమ్మని పెద్ద మాట చెవిన పడగానే, అది ఎందుకు నిజం కాదో లోపలి నుంచి ఉదాహరణలు లేస్తాయి. అందుచేత మీరు అతనికి కితాబులు ఇవ్వకండి. అతను చేసిన ఒక నిర్దిష్టమైన పనిని, దానివల్ల మీకు కలిగిన మేలుతో సహా చెప్పండి. "నాన్న పింఛను ఫారం నువ్వు ఆన్‌లైన్‌లో నింపావు కాబట్టి మాకు నరసన్నపేట రెండుసార్లు తిరిగే పని తప్పింది" అంటే దాన్ని కాదనడానికి అతనికి వీలుండదు.

ఇతరులతో పోల్చడం కూడా వద్దు. మేనత్త కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చిందన్న వార్త అతనికి చేరక తప్పదు. చేరవేసే పని మాత్రం మీరు పెట్టుకోకండి.

ఇక అతను చేయవలసినవి. స్నేహం చెయ్యి అని చెబితే ఏ పిల్లాడికీ ఏమి చెయ్యాలో తెలియదు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడడం ఇలాంటి పిల్లలకు అన్నిటికంటే కష్టం, పక్కపక్కన ఉండి ఏదో ఒక పని చేయడం సులువు. చేతులకు పని ఉన్నప్పుడు తన ముఖం, తన గొంతు ఎలా ఉన్నాయన్న ధ్యాస తగ్గుతుంది, మాట దానంతట అదే వస్తుంది. మీ తమ్ముడికి వాలీబాల్ వచ్చని మీరు రాసిన ఒక్క వాక్యం నాకు ఆ లేఖ మొత్తంలో ఎక్కువ ఆశ కలిగించింది. సాయంత్రం కోర్టు దగ్గరకు వెళ్లి, ఆడకపోయినా సరే, బయటకు పోయిన బంతి అందించమనండి. మూడో రోజో నాలుగో రోజో ఒకడు తక్కువవుతాడు, రమ్మంటారు. ఆటలో "నాది, నాది" అని అరవాలి, "లేపు" అనాలి, అక్కడ యాస ఎవరూ వినరు. వాలీబాల్ కుదరకపోతే ల్యాబ్, ఎన్ఎస్ఎస్, కళాశాల ఉత్సవానికి కుర్చీలు వేయడం, ఏదైనా ఇదే పని చేస్తుంది.

మెస్సులో అతను మార్చుకోవలసినది రెండు వాక్యాలే. ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబులో తన ఊరి గురించి ఒక్క వివరం అదనంగా చెప్పడం, తరువాత అదే ప్రశ్న తిరిగి అడగడం. "నరసన్నపేట దగ్గర, వంశధార పక్కన మాది. మీది?" ఇంతే. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరైనా సందేహం అడిగినప్పుడు, తనకు తెలిసినదైతే ఆ రోజే జవాబు పెట్టడం. ఎవరినైనా చిన్న సాయం అడగడం, ఒక రికార్డు, ఒక చార్జర్, ఒక లెక్క. సాయం అడిగితే చులకన అవుతానని ఇలాంటి పిల్లలు భయపడతారు, కాని అడిగించుకున్నవాడికి తనను లెక్కలోకి తీసుకున్నారనే అనిపిస్తుంది. ఇంటి నుంచి వెళ్లేటప్పుడు మీ అమ్మగారు చేసిన అరిసెలు పెట్టెలో అడుగున కాకుండా పైన సర్ది పంపండి. గదిలో పెట్టె తెరిచినప్పుడు నలుగురి చేతులూ అందులోకి వస్తాయి.

ఇవి చేసిన మొదటి వారాల్లో అతనికి ఏమీ మారినట్టు అనిపించదు. ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి. 2018లో బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు, కొత్తవారితో మాట్లాడి వచ్చిన మనుషులను విచారిస్తే, అవతలివారు తమను నిజంగా ఎంత ఇష్టపడ్డారో దానికంటే తక్కువగానే అంచనా వేసుకుంటున్నారని బయటపడింది. ఒకే వసతిలో ఉంటున్న మొదటి సంవత్సరం విద్యార్థుల మధ్య ఆ తేడా నెలల తరబడి ఉండిపోయింది. అంటే "నా మాట వాళ్లకు నచ్చలేదు" అనే భావన ఆత్మవిశ్వాసం బాగా ఉన్న మామూలు పిల్లలకు కూడా వస్తుంది. మీ తమ్ముడికి మరింత గట్టిగా వస్తుంది, అందుకే ఆ భావనను తీర్పుగా తీసుకోకుండా ఒక నెల ఆగి చూడమని చెప్పడం అవసరం. అతనికి కావలసింది పదిమంది కాదు. ఇద్దరు చాలు, ఒక్కరితో మొదలైనా చాలు.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఈ సలహాలు సరిపోవు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడిపోవడం, తరగతులకే వెళ్లకపోవడం, అద్దం ముందు గంటలు గడపడం లేదా అద్దం పూర్తిగా మానేయడం, నలుగురిలో మాట్లాడవలసి వస్తే చెమటలు పట్టి గుండె దడతో పారిపోవడం, "నేను లేకపోతే మీకు హాయి" వంటి మాట ఒక్కసారి అన్నా సరే, అప్పుడు మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు, మీరూ చేయవచ్చు, అతనూ చేయవచ్చు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. చూపించుకుంటే పిచ్చి అంటారనే భయంతో మన ఊళ్లలో ఏళ్లు గడిపేస్తారు, దయచేసి మీరు ఆ పని చేయకండి.

చివరిగా కాలేజీ మార్పు. దీనికి నిర్ణయం ఒక్క విషయం మీద ఆధారపడుతుంది, అది అతన్ని నేరుగా అడిగి తెలుసుకోండి. "నవ్వుతారు" అని కాకుండా, ఎవరు, ఎక్కడ, ఏమన్నారు, ఎన్నిసార్లు అని అడగండి. పేర్లు, చోటు, మాటలు స్పష్టంగా వస్తే, ముఖ్యంగా సీనియర్లో గది సహవాసులో పట్టుబట్టి వేధిస్తున్నారని తేలితే, అది ర్యాగింగ్. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచి దానికి ప్రత్యేక చట్టం ఉంది, 1800-180-5522 అనే జాతీయ నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు, కళాశాల ర్యాగింగ్ నిరోధక కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. అప్పుడు తప్పు వాళ్లది, మారవలసింది వాళ్లు, గది మార్పించడం దగ్గర నుంచి కాలేజీ మార్పు దాకా అన్నీ ఆలోచించవచ్చు. అలా పేర్లు రాక, "అందరూ అంతే" అనే దగ్గరే మాట ఆగిపోతే మాత్రం ఇప్పుడే మార్పించకండి. కొత్త కాలేజీకి కూడా ఇదే జాగ్రత్తతో, ఇదే దూరంతో వెళతాడు, పైగా ఒకచోట నిలవలేకపోయాననే మాట దానికి తోడవుతుంది. ఈ సెమిస్టరు అక్కడే ఉంచి, పైన చెప్పిన చిన్న పనులు మొదలుపెట్టించి, సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మళ్లీ మాట్లాడండి. అప్పటికి తోటివారిలో ఒక్కరి పేరైనా అతని నోట మామూలుగా దొర్లుతుంటే మార్పు అవసరం లేదు. దొర్లకపోతే అప్పటి పరిస్థితి వివరంగా నాకు మళ్లీ రాయండి.